కరకట్ట మొత్తానికి ఒకటే అడ్రసు

ముందుగా

మీ ఫోను మోగింది. మీరు ఎత్తలేదు.

మోగలేదని బొంకకండి. మెరక మీద, మీ హాల్లో, గోడకి బిగించిన తెర మీద ‘కరకట్ట’ అన్న పేరు పడింది, పక్కన ఎర్ర గుర్తుతో సహా. మీరు చూశారు. చూసి మళ్ళీ అన్నం కలుపుకున్నారు. ఇవతల ఒక పెద్దాయనకి ఊపిరి అందక మేం చేసిన ఫోను అది.

ఎర్ర గుర్తు మేం పెట్టలేదు, లైన్ల మండలి పెట్టింది అంటారు. ఒప్పుకుంటాను. దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నది మాత్రం మండలి కాదు. మోడెమో, రౌటరో, ఆ గొడవలు మాకేం తెలుసు, మేం మామూలు సంసారులం అని కూడా అంటారు. మీ సాకులన్నిట్లోకీ బలమైనది ఇదే. కాబట్టి ముందు దీన్ని తీసేస్తాను.

కరకట్ట కాలనీ సంఘానికి నేను లైన్ల కార్యదర్శిని. పేరు సమత. వారానికోసారి మావాళ్ళకి ఫోను మాటలు విడమర్చి చెప్పడం నా పనుల్లో ఒకటి. సంఘం దినచర్య పుస్తకంలో నేను రాసిన నమోదుల్ని కాస్త సాఫుచేసి మీకోసం కింద పెడుతున్నాను. నా పేరు తప్ప మిగతా పేర్లు మార్చాను. ఎందుకు మార్చానో చదివితే మీకే అర్థమవుతుంది.

నమోదు 1. తొలకరి. మోడెమ్, రౌటర్

పొద్దున్నే సోలారు పలకలు కడిగాం. రాత్రికి రాత్రి వాటిమీద ఉప్పు పేరుకుంటుంది. వాననీళ్ళు పోసి, పాతచీర గుడ్డతో తుడిస్తే గానీ కరెంటు రాదు. సముద్రం డెల్టాని మింగాక మిగిలినవాళ్ళం ఈ కట్ట మీద బారుగా ఇళ్ళు వేసుకున్నాం. మెరక పట్నం నీళ్ళకి అవతల ఉంది. పడవలో వెళ్ళాలంటే పూట పడుతుంది, ఫోనులో అయితే రెప్పపాటు. అందుకే ఫోను మాకు కాలక్షేపం కాదు.

పలకలయ్యాక ఇళ్ళలో పెట్టెలు చూడ్డానికి బయల్దేరాను. పెట్టెలు రెండు రకాలు. బయటినుంచి వచ్చే తీగ భాష ఒకటి, ఇంట్లో యంత్రాల భాష ఇంకొకటి. మధ్యలో దుబాసీ కావాలి కదా, అదే మోడెమ్. మీకు ఇంటికొక దుబాసీ ఉన్నాడు. మాకు కాలనీ అంతటికీ ఒక్కడు, సంఘం గదిలో, పాత అద్దాల బీరువాలో ఉంటాడు. ఇక రౌటర్ అంటే సందు మొదట్లో నిలబడి ‘నువ్విటు పో, నువ్వటు పో’ అని దారి చూపించే మనిషి అనుకోండి. అది మాకు ఇంటికొకటి ఉంది, సంఘం గదిలో పెద్దది ఇంకొకటి.

చివరి పెట్టె తాతారావుగారిది. ఆయన ఒకప్పుడు రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే మరపడవ, నడిపేవారు. ఆ డీజిలు పొగే ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇప్పుడు ముక్కుకి గొట్టం. ఎండ కాసినన్నాళ్ళూ గాలిలోంచి ఆక్సిజన్ లాగే యంత్రం నడుస్తుంది. మబ్బుపడితే పలకలకి బలం చాలదు, అప్పుడు సిలిండరే దిక్కు. సిలిండరు మెరక మీది ఆరోగ్య లైనుకి ఫోను చేస్తే పడవలో వస్తుంది.

‘‘ఏం బాబాయ్, పెట్టె లైటు వెలుగుతోందా?’’ అన్నాను.

‘‘ఎలుగుతుందమ్మా. నాకంటే దానికే ఆరోగ్యం బాగుంది.’’

నా ముందే ఆరోగ్య లైను నొక్కారు. రెండుసార్లు మోగనిచ్చి పెట్టేశారు.

‘‘మాట్లాడొచ్చుగా బాబాయ్?’’

‘‘మాటాడితే ఊపిరి ఖర్చైపోద్దమ్మా. మోగించి పెట్టేత్తే ఆళ్ళే చేత్తారు. ఆళ్ళ ఊపిరి ఆళ్ళ ఇష్టం.’’

నిజంగానే కాసేపటికి తిరిగి ఫోను వచ్చింది. ఈయన గొట్టం సర్దుకుని ఒక్కసారి దగ్గారు. అవతలి అమ్మాయి నవ్వింది. ‘‘తెలిసిందండీ, పంపిస్తున్నాం’’ అంది. దగ్గుని బట్టి మనిషిని గుర్తుపట్టే అమ్మాయి అది. ఆ సంగతి గుర్తుంచుకోండి, ఇంకెక్కువకాలం ఉండదు.

నమోదు 2. ముసురు. ప్యాకెట్, లేటెన్సీ, జిట్టర్

సంఘం షెడ్డులో పాఠం. ఎండు చేపలు లోపలికి తెచ్చేసుకున్నారు కాబట్టి వాసనలోనే చెప్పాల్సి వచ్చింది.

‘‘మాట తీగలోంచి అలా పాకుతా పోద్దా అక్కా?’’ అని అడిగింది పేరంటాలు. ఈవిడ వలలు అల్లుతుంది, ప్రశ్న కూడా అలాగే వేస్తుంది, ఎక్కడా కన్ను వదలదు.

పోదు. మాటని ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్. పెళ్ళివారు రేవు దాటుతున్నారు అనుకోమన్నాను. అందరూ ఒక్క పడవలో పట్టరు. అందరి వీపుల మీదా వరస నంబరు రాసి, దొరికిన పడవలో ఎక్కించేస్తారు. అవతలి ఒడ్డున నంబరు ప్రకారం నిలబెట్టి ఊరేగింపు నడిపిస్తారు. ఇటు ఎక్కినప్పటినుంచి అటు దిగేదాకా పట్టే ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. ఒక పడవ ముందూ ఒక పడవ వెనకా వచ్చి వరస చెదిరితే అది జిట్టర్. అప్పుడే మీకు అవతలి మనిషి గొంతు గొణుగుతున్నట్టు వినిపిస్తుంది.

‘‘పడవ మునిగిపోతేనో?’’

‘‘ఆ ముక్క పోయినట్టే. ఉత్తరమైతే మళ్ళీ పంపుతారు. మాటకి అలా కుదరదు, ఊరేగింపు ఆగదు. పెళ్ళికొడుకు మునిగినా సరే బాజాలు ముందుకు పోతాయి.’’

‘‘అందుకే మా ఆయన ఫోనులో ఎప్పుడూ ‘ఆఁ? ఆఁ?’ అంటాడు.’’

‘‘ఆయన ఇంట్లోనూ అంతేగదే, దానికి ప్యాకెట్లేం చేత్తాయి!’’ అని వెనకనుంచి నూకరత్నం అంది. నూకరత్నం కాలనీ పడవ నడుపుతుంది. తాతారావుగారి దగ్గర పంటు నేర్చుకున్న మనిషి. అందరూ నవ్వారు.

పాఠం చివర మిస్డ్ కాల్ మాట వచ్చింది. మా కట్ట మీద అదొక భాష. ఒక్కసారి మోగిస్తే పడవ చేరిందని. రెండుసార్లయితే నాకు ఫోను చెయ్యి అని. మూడుసార్లయితే ఉన్నపళాన బయల్దేరి రమ్మని. కాల్‌కి డబ్బు కట్టిన రోజుల్లో మొదలైన అలవాటు, ఆ రోజులు పోయినా నిలిచిపోయింది. జ్వరం మాత్రలకీ, గాయం కట్టుకీ ఆరోగ్య లైనుకి మావాళ్ళు ఇచ్చేది రెండు మోతలే. ఇందులో తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తలుపు కొట్టి నిలబడటం తప్పయితే, మీ ఇంటికి వచ్చే చుట్టాలందరూ నేరస్థులే.

నమోదు 3. ముసురు ఇంకా వదల్లేదు

ఈరోజు కొత్త మాటేమీ చెప్పలేదు. చెప్పే మనసు లేకపోయింది.

తాతారావుగారు రెండు మోతలు ఇచ్చారు. తిరిగి ఫోను రాలేదు. మళ్ళీ ఇచ్చారు, రాలేదు. నేను ఆయన ఫోనులోంచి చేసి, ఎత్తేదాకా ఆగాను. ఒక యంత్రం మాట్లాడింది. కొత్త ఏర్పాటట. మనుషుల్ని తీసేశారు. ‘మీ అవసరం చెప్పండి’ అంది. ఆక్సిజన్ అన్నాను. ‘రోగి స్వయంగా మాట్లాడాలి’ అంది.

తాతారావుగారు గొట్టం సర్దుకుని దగ్గారు.

‘అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి.’

‘‘ఆయ్’’ అన్నారు ఆయన. మళ్ళీ దగ్గారు.

‘అర్థం కాలేదు.’

‘‘ఆక్... సి...’’ అని సగంలో ఆగి చెయ్యి ఊపారు. నేను ఆయన నుదురు మీద చెమట తుడిచాను. ఎలాగో ఆ మాట పూర్తిచేశారు. సిలిండరు వచ్చింది. ఒక మాట పలికించడానికి ఆ యంత్రం ఆయనచేత ఎంత ఊపిరి ఖర్చు పెట్టించిందో ఎవరు లెక్కేస్తారు?

‘‘ఆ అమ్మాయి ఏవైపోయిందంటావు?’’ అని అడిగారు చాలాసేపటికి, దమ్ము తీసుకున్నాక.

‘‘తెలీదు బాబాయ్.’’

‘‘మంచి పిల్ల. నా దగ్గుకి తేడా కూడా కనిపెట్టేసేది. ‘ఈ రోజు కఫం ఎక్కువుందండీ’ అనేది.’’

నమోదు 4. వాయుగుండం. ఐపీ అడ్రసు, నాట్

లైను కట్టేశారు. ఆరోగ్య లైనుకి కట్ట మీద ఏ ఇంటినుంచి చేసినా ఒకటే వాక్యం: ‘ఈ అడ్రసు నుంచి అల్లరి కాల్స్ ఎక్కువగా వస్తున్నాయి. సేవ నిలిపివేయబడింది.’

ఇక్కడ మీరు ఒక మాట నేర్చుకోవాలి, ఓపిక పట్టండి. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఒక అడ్రసు ఉంటుంది. దాన్నే ఐపీ అడ్రసు అంటారు. మీ ఇంట్లో ఫోనుకి ఒకటి, ఫ్రిజ్‌కి ఒకటి, వరండాలో బల్బుకి ఒకటి. మీ బల్బుని బయటి ప్రపంచం పేరుపెట్టి పిలవగలదు. మా కరకట్ట మొత్తానికి ఒకటే బయటి అడ్రసు. ఇళ్ళకి లోపలి అడ్రసులు ఉన్నాయి గానీ అవి కట్ట దాటితే చెల్లవు. మా ఇంట్లోంచి ఫోను చేస్తే, సంఘం గదిలోని పెద్ద రౌటర్ నా లోపలి అడ్రసు తీసేసి, కాలనీ అడ్రసు అంటించి పంపుతుంది. జవాబు వస్తే అది ఎవరికోసమో కాసేపు గుర్తుపెట్టుకుని ఆ ఇంటికి తోస్తుంది. ఈ అడ్రసు మార్పిడినే నాట్ అంటారు.

ఇందులో మోసమేమీ లేదు. అడ్రసులు కొరతగా ఉన్న రోజుల్లో పుట్టిన ఉపాయం. ఇప్పుడు కొరత ఎక్కడుంది? ఒక్కో ఇసుక రేణువుకి ఒక్కోటి పంచినా మిగిలేన్ని ఉన్నాయి. మాకెందుకు ఇవ్వరని మండలిని అడిగితే, మాది ‘తాత్కాలిక నివాసం’ అన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి.

ఆరోగ్య లైను యంత్రానికి మేం కాలనీగా కనిపించం. ఒక్క మనిషిగా కనిపిస్తాం. ఆ మనిషికి పొద్దున జ్వరం, మధ్యాహ్నం కాలికి మేకు, సాయంత్రం ఆయాసం, మధ్యమధ్యలో పురిటి నొప్పులు. ప్రతిసారీ మోగించి పెట్టేస్తాడు. యంత్రం ఏం తీర్మానించాలి? వీడు తుంటరి అనుకుంది. దాన్ని తిట్టి లాభం లేదు. ఇంతమందిని ఒక్కడిగా చూడమని దానికి నేర్పినవాళ్ళని తిట్టాలి. తిడుతున్నాను.

ఆకాశం నల్లగా మూసుకుపోయింది. తాతారావుగారి ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఆగి, సిలిండరు మొదలైంది. దాని మీటరు ముల్లు పచ్చ గీతలోనే ఉంది.

నమోదు 5. గాలి, వాన

ఆరోగ్య లైనుకి మాత్రమే కదా కట్టేశారు, మెరక మీద తెలిసినవాళ్ళకి చేసి, వాళ్ళచేత ఫోను చేయిద్దాం అన్నాను. అందరూ తమతమ నంబర్లు వెతికారు. పేరంటాలు దగ్గర వలలు కొనే ఆసామి, ఒకప్పుడు మెరక మీద కూలికి వెళ్ళిన చిన్నయ్యకి పాత మేస్త్రీ, నాకు ఒకప్పుడు నాతోపాటు ఊరేగింపుల్లో నడిచినవాళ్ళు, ఇప్పుడు సమావేశాల్లో ‘అణగారిన వర్గాలు’ అని గద్గదంగా మాట్లాడేవాళ్ళు.

ఒక్కరూ ఎత్తలేదు. ఒకసారి పొరపాటున ఎవరిదో చెయ్యి తగిలి లైను కలిసింది. టీవీ చప్పుడూ, ‘ఎవరండీ?’ అన్న ఆడగొంతూ, ‘కరకట్ట నుంచి, ఎర్రది, పెట్టెయ్’ అన్న మగగొంతూ వినిపించాయి. ఆ మగగొంతు నాకు తెలుసు. నా పక్కన నిలబడి పిడికిలెత్తిన గొంతు అది.

అల్లరి అడ్రసుల జాబితాని మండలి ఇంటింటి తెరకీ పంచుతుందని అప్పుడు తెలిసింది. అంటే ఒక చోట పడిన మచ్చ ఊరంతా అంటుతుంది. అంటు అన్న మాట కావాలనే వాడాను. దానికి ఈ దేశంలో ఎంత చరిత్ర ఉందో మీకు తెలియంది కాదు. ఒకప్పుడు మనిషిని చూసి తలుపు వేసుకునేవాళ్ళు, ఇప్పుడు అడ్రసుని చూసి వేసుకుంటున్నారు. గడియ చప్పుడు వినపడదు, అంతే తేడా.

ముల్లు పచ్చ దాటి పసుపులోకి వచ్చింది.

‘‘గాలి కొంచెం తగ్గగానే ఎల్దాం అక్కా,’’ అంది నూకరత్నం. ‘‘ఫోను ఎత్తకపోతే మొహం ఎత్తుకుని ఎల్దాం. దానికీ ఎర్ర గుర్తేత్తారేమో చూద్దాం.’’

నమోదు 6. తెరిపి. మెరక రేవు

పడవలో నూకరత్నం, నేను, ఒక ఖాళీ సిలిండరు. ఆరోగ్య భాండారం గేటు రేవుకి ఎదురుగానే ఉంది. లోపల అరుగు మీద నిండు సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కిటికీ దగ్గర గుమాస్తా మర్యాదస్తుడే.

‘‘ఫోను చెయ్యాలండీ,’’ అన్నాడు.

‘‘ఎదురుగా ఉన్నాను కదా బాబూ.’’

‘‘ఎదురుగా ఉంటే ఎలాగండీ? లైను మీద రావాలి. ఏ అడ్రసు నుంచి ఫోను వస్తే ఆ అడ్రసుకే బండి వెళ్తుంది. మనుషుల చేతికి ఇచ్చే పద్ధతి లేదు.’’

‘‘మా అడ్రసు కట్టేశారు.’’

‘‘అయితే లైను బాగుచేయించుకుని ఫోను చెయ్యండి.’’

నేను వాదించడం మొదలుపెట్టాను. నాకు వాదించడం బాగా వచ్చు. రాజ్యాంగం దాకా వెళ్ళాను. గుమాస్తా శ్రద్ధగా విని, పాపం, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. సిలిండరు ఇవ్వలేదు. తిరిగి చూస్తే నూకరత్నం లేదు. రోడ్డుకి అవతల టీ కొట్టు బల్ల మీద కూచుని ఉంది. నేనూ రోడ్డు దాటాను. కొట్టు నడిపే గంగాభవాని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టి, గొప్పగా ఆయాసపడుతోంది.

‘‘ఆక్సిజనూ... బాబూ... ఆక్సిజనూ...’’

‘‘ఇంకొంచెం తగ్గించు వదినా, పోయావనుకుంటారు,’’ అంటోంది నూకరత్నం.

భాండారం గేటు తెరుచుకుంది. బండి బయటికి వచ్చింది. మోత మోగించుకుంటూ మలుపు దాకా వెళ్ళి, తిరిగి, రోడ్డుకి ఇవతల, గేటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న టీ కొట్టు ముందు ఆగింది. సిలిండరు దించారు. గంగాభవాని వేలిముద్ర వేసి, దించినవాళ్ళకి టీ కూడా పోసింది. కిటికీలోంచి గుమాస్తా చూస్తున్నాడు. నవ్వాలో వద్దో తెలియక ముఖం తిప్పుకున్నాడు.

‘‘తెలిసినవాళ్ళు కాదు కదమ్మా మేం. ఎందుకు చేశావు?’’ అని అడిగాను.

‘‘మా అమ్మకి ఉబ్బసం ఉండేదండి,’’ అంది గంగాభవాని గ్లాసులు కడుగుతూ. ‘‘ఆ ఆయాసం నాకు బాగా వచ్చు.’’

నమోదు 7. మబ్బు. లోకల్ నెట్‌వర్క్

మండలి ఆఫీసరు మరపడవలో వచ్చాడు. పేరు కౌస్తుభ్. చిన్నవాడు, గొంతు పెంచడు, షెడ్డులో చేపల వాసనకి ముక్కు కూడా మూసుకోలేదు. అలాంటివాళ్ళతోనే కష్టం.

‘‘మేడమ్, ఎక్కువ మిస్డ్ కాల్స్ ఒకే ఇంటినుంచి వస్తున్నట్టు ఉంది. బయటికి మాకు ఆ ఇల్లు కనపడదు. మీ పెద్ద రౌటర్‌కి తెలుసు, మీకు తెలుసు. ఆ ఒక్క లోపలి అడ్రసు చెప్పండి. దానికే కట్ చేస్తాం. మిగతా అందరికీ సాయంత్రానికల్లా లైను వచ్చేస్తుంది.’’

‘‘కాయితం మీద రాసిస్తే?’’

‘‘తీసుకోమండీ. మీ కాలనీ లైను నుంచి మా ఆఫీసుకి ఫోను చేసి చెప్పాలి. రికార్డవ్వాలి కదా.’’

గడువు చెప్పి వెళ్ళాడు. ఆ ఇల్లు ఎవరిదో అడగక్కర్లేదు. తాతారావుగారు సిలిండరు చక్రాల బల్ల మీద పెట్టుకుని ముందు వరసలోనే కూచున్నారు.

ముందుగా చిన్నయ్య లేచాడు. అతనిది చెడ్డ మనసు కాదు. ‘‘నా ఇంట్లో పసిదుందండి. జొరమొత్తే ఎవురికి చెయ్యను? ఒక్క ఇల్లేగా అంటన్నాడు.’’

‘‘ఒక్క ఇల్లేగా అయితే నీదే ఇచ్చెయ్,’’ అంది పేరంటాలు.

‘‘నేను అన్ని చెయ్యలేదుగా!’’

‘‘ఎన్ని చేశావేంటి? మొన్న మీ మేకపిల్లకి పడిశెం పట్టిందని కూడా మోగించావంట!’’

‘‘మేకపిల్లేంటి, మా అత్తకి!’’

తాతారావుగారు చెయ్యెత్తారు. అందరూ ఆగారు. ఆయన మాట్లాడితే దమ్ము ఖర్చని అందరికీ తెలుసు.

‘‘ఇచ్చెయ్యండెహె,’’ అన్నారు. ఊపిరి తీసుకున్నారు. ‘‘పంటు మునుగుతుంటే... బరువు దించేత్తాం కదా.’’

‘‘సరుకు దించుతాం బాబాయ్,’’ అంది నూకరత్నం. ‘‘మడిసిని దించితే నువ్వే చెంప పగలగొట్టేవోడివి. నా చెంప మీద ఇంకా ఉంది.’’

నా వంతు వచ్చింది. ఆయన మీద జాలితో మాట్లాడలేదు, జాలి ఓటు నిలబడదు. చిన్నయ్యకే చెప్పాను. ఈరోజు ఎక్కువ మోతలు ఈ ఇంటివి. ఇది తీసేస్తే వరసలో రెండోదే మొదటిది అవుతుంది. యంత్రానికి ఎప్పుడూ ఒక ‘ఎక్కువ’ కావాలి. ఇంటి వెనక ఇల్లు ఇచ్చుకుంటూ పోతే, చివరికి కట్ట మీద లైను బాగుంటుంది, చెయ్యడానికి మనుషులుండరు. చిన్నయ్య తల వంచుకున్నాడు. ఒప్పుకున్నాడని అనను. నా వాదన వినే పెద్దమనసు అతనికి ఉంది, అది చాలు.

ఓటు మా పద్ధతిలోనే పెట్టాం. బయటికి పోయే దారి మూసినా, ఇంటినుంచి ఇంటికి మాట కట్ట లోపలే తిరుగుతుంది. దాన్ని లోకల్ నెట్‌వర్క్ అంటారు. దానికి మండలి దయ అక్కర్లేదు. అందరూ ఇళ్ళకి వెళ్ళి సంఘం ఫోనుకి మోగించాలి. ఒక మోత అయితే ఇల్లు చెప్పేద్దాం అని. రెండయితే చెప్పొద్దని. ఎవరిదో తెలియకుండా తెర మీద తువ్వాలు కప్పాను.

మధ్యాహ్నమంతా ఫోను మోగింది. ఒంటి మోతలు వచ్చాయి, రాలేదని చెప్పను. జంట మోతలు వాటిని ముంచేశాయి.

చెప్పం అని తీర్మానించాం.

నమోదు 8. మబ్బు, గడువు ఆఖరు రోజు

పొద్దున్నే నూకరత్నం వచ్చి, ‘‘అక్కా, బాబాయ్ మన మాట తప్పుతున్నాడు, రా’’ అంది.

వెళ్ళేసరికి తాతారావుగారు మంచం మీద బాసింపట్టు వేసుకుని ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నారు. పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళే మనిషిలా ఉన్నారు. మండలి ఆఫీసు నంబరు ఒక్కో అంకే చూసుకుంటూ నొక్కుతున్నారు.

‘‘తీర్మానం అయిపోయింది బాబాయ్,’’ అన్నాను.

‘‘నీ తీర్మానం నీది. నా దగ్గు నాది.’’

ఈసారి మిస్డ్ కాల్ ఇవ్వలేదు. జీవితంలో మొదటిసారి ఎత్తేదాకా ఆగారు. అవతల యంత్రం పలికింది: ‘ఈ అడ్రసు నుంచి వచ్చే కాల్స్ స్వీకరించబడవు.’

ఆయన మళ్ళీ నొక్కారు. అదే వాక్యం. మళ్ళీ నొక్కారు. లాక్కుందామని చెయ్యి చాచాను గానీ నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది. ఆయన ముఖంలో రంగులు మారుతున్నాయి. అవమానం పోయి, కోపం వచ్చి, అదీ పోయి చివరికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గైంది, దగ్గు ఆయాసమైంది. మేం వీపు నిమురుతూ నిలబడ్డాం.

‘‘లొంగిపోదామన్నా ఎత్తరేంటమ్మా!’’ అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

గడువు దాటింది. మండలి తెర మీద మా పేరు పక్కన కొత్త మాట పడింది: ‘సహకరించని నివాసం’. జవాబు ఇవ్వలేదట. జవాబు ఫోనులోనే చెప్పాలి, ఫోను వాళ్ళు ఎత్తరు. ఇంత శుభ్రమైన పద్ధతిని కనిపెట్టడానికి ఎంత చదువుకోవాలో!

ఇంకోటి. గంగాభవాని లైనుకి పసుపు గుర్తు వేశారు. రోగి లేని అడ్రసు నుంచి ఆక్సిజన్ అడిగిందని. సాయం చేసినందుకు ఆమె కొట్టుకి వచ్చే ఫోన్లు కూడా ఇక జనం ఎత్తరు.

ఆకాశం విడివడలేదు. టీ కొట్టు సిలిండరు ముల్లు పసుపులోకి వచ్చింది. నూకరత్నం పడవ కడుగుతోంది. రేపు వెళ్తాం, ఎవరి గుమ్మం ముందు నిలబడతామో తెలియదు. తాతారావుగారు నిద్రపోతున్నారు, ఉతికిన చొక్కాలోనే.

మెరకవాళ్ళారా, మాటల అర్థాలన్నీ ఇప్పుడు మీకు తెలుసు. మోడెమ్ తెలుసు, రౌటర్ తెలుసు, అడ్రసు తెలుసు, దాన్ని మార్చి ఇంతమందిని ఒక్కడిగా చూపించే నాట్ తెలుసు. ఇక మాకు కావలసినవి వినండి. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టక్కర్లేదు, అన్నీ మీ ఇంట్లో ఉన్నవే.

1. కరకట్టలో ప్రతి ఇంటికీ సొంత బయటి అడ్రసు ఇవ్వాలి. ‘తాత్కాలిక నివాసం’ అన్న మాట కొట్టెయ్యాలి.

2. ఆరోగ్య లైను ఏ కారణంతోనూ, ఏ అడ్రసుకీ కట్టెయ్యకూడదు.

3. ఆరోగ్య లైనుకి వచ్చిన మిస్డ్ కాల్‌ని అల్లరిగా లెక్కించకూడదు. తిరిగి ఫోను చెయ్యాలి. చేసేది మనిషి అయి ఉండాలి.

4. దగ్గినా, మూలిగినా, మాట రాకపోయినా రోగి అడిగినట్టే లెక్క.

5. భాండారం గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేతికి సిలిండరు ఇవ్వాలి.

6. ఇంటింటి తెర మీదా కరకట్ట పక్కనున్న ఎర్ర గుర్తు, గంగాభవాని పక్కనున్న పసుపు గుర్తు తియ్యాలి.

7. తాతారావుగారికి మబ్బు విడిచేదాకా సరిపడా సిలిండర్లు వెంటనే పంపాలి. ఆయన అసలు పేరు మీకు తెలియదు కాబట్టి కట్ట మొత్తానికి పంపండి, మేం చేరుస్తాం.

8. ఏ ఇల్లు అని అడగడం ఆపాలి. మేం చెప్పం.